ఉత్తరదేశపు బిడ్డలును పట్నపు వసతిగృహములును

ప్రతి సంవత్సరమును ఆగస్టు నెల కడపటి దినములలో, కెనడా దేశపు ఆంటేరియో రాష్ట్రములో, మిక్కిలి ఉత్తరముననున్న పల్లెలయందు ఒక ప్రయాణము జరుగుచుండును. అడవులకును సరస్సులకును నడుమ, కంకర పరచిన చిన్న విమానపు బయలు ప్రక్కన, 14, 15 ఏండ్ల ప్రాయపు బాలబాలికలు సంచులు చేతబట్టుకొని నిలిచియుందురు. తల్లులును అవ్వలును వారి చుట్టు గుమిగూడియుందురు. కొంతసేపటికి చిన్న విమానమొకటి దిగి, వారిని ఎక్కించుకొని దక్షిణపు దిక్కునకు ఎగిరిపోవును. ఆ పిల్లలు పోవుచున్నది తొమ్మిదవ తరగతి చదువుటకు. క్రిస్మసు పండుగ వచ్చువరకు వారిలో పెక్కుమంది తిరిగి తల్లి ముఖము చూడరు.

తోటలలో పుట్టి పెరిగినవారికి ఇది బొత్తిగా తెలియని సంగతి కాదు. తోటబడి అయిదారు తరగతులతో ముగియుటయు, పై చదువు కావలెనన్నచో పట్నమునకు పోవలసివచ్చుటయు, అక్కడ పిల్లవానికి కూడు పెట్టి కనిపెట్టువారెవరని తండ్రి రాత్రులు ఆలోచించుటయు లయినులలో నివసించిన కుటుంబములు ఎరిగినవే. అయినను తోటనుండి పట్నమునకు బాట యుండును. ఆదివారమునాడు బిడ్డను చూచి రావచ్చును. కెనడా ఉత్తరపు పల్లెలకు ఆ పాటి సౌకర్యమును లేదు. అచట ఏడాది పొడవున నిలుచు బాటలు లేవు. సరస్సులు గడ్డకట్టిన కొద్ది వారములు మాత్రమే మంచుమీద బండ్లు నడుచును. తక్కిన కాలమంతయు విమానమే గతి. దాని కూలియో సామాన్యులకు అందనిది.

ఈ పల్లెలవారు క్రీ, ఒజిబ్వే మొదలగు జాతుల ఆదివాసులు. వారి 49 సమాజములు నిష్నాబే ఆస్కీ అను పేర ఒక సంఘముగా కూడియున్నవి. ఆంటేరియో రాష్ట్రపు నేలలో దాదాపు మూడింట రెండు వంతులు వారి పూర్వికుల దేశమే. 1905, 1906 సంవత్సరములలోను, మరల 1929, 1930 సంవత్సరములలోను వారి పెద్దలు దొరతనమువారితో తొమ్మిదవ సంధి అను ఒడంబడిక చేసికొనిరి. పిల్లలకు పాఠము చెప్పు ఉపాధ్యాయుల జీతములును, పాఠశాల కట్టడములును దొరతనమువారు ఇత్తురని ఆ సంధిపత్రములో వ్రాయబడియున్నది. కావున ఆ ప్రజలు చదువును భిక్షగా అడుగుటలేదు. ఇచ్చిన మాటను నిలుపుకొనుమనుచున్నారు. ఐనను నేటికిని వారి పల్లెలలో పెక్కింట పాఠశాల ఎనిమిదవ తరగతితోనో, పదవ తరగతితోనో ఆగిపోవుచున్నది. ఉన్నతపాఠశాల చదువు ముగింపవలెనన్నచో థండర్ బే, సూ లుకౌట్ మొదలగు పట్నములకు పోవలయును.

పూర్వము జరిగినది

పట్నములలో ఈ పిల్లలకు మంచి వసతిగృహములు కట్టవలెనని చెప్పుట సులభము. కాని ఆ మాట వినగానే ఉత్తరదేశపు అవ్వలును తాతలును ఉలికిపడుదురు. ఏలయనగా వసతిపాఠశాల యనుమాట వారి దేహములయందే వ్రాయబడియున్నది. నూరేండ్లకు పైగా కెనడా దొరతనమువారు ధనమిచ్చుచుండగా, క్రైస్తవ సభలవారు నడిపిన వసతిపాఠశాలలలో సుమారు 1,50,000 మంది ఆదివాసుల బిడ్డలు పెట్టబడిరి. వారి భాష పలికినయెడల దెబ్బలు తగిలెను. అన్నదమ్ములును అక్కచెల్లెండ్రును ఒకే యావరణములో నుండియు మాటలాడుకొనరాదయ్యెను. వేలకొలది బిడ్డలు ఇల్లు చేరకయే మరణించిరి. చివరి పాఠశాలలు 1990ల దశకములోగాని మూతపడలేదు.

ఈ సంగతి మిషను పత్రికలు చదువువారు దాటిపోదగినది కాదు. ఆ గృహములను నడిపినవారు తమ్మును తాము ఉపకారులమనియే తలంచుకొనిరి. తరువాతి కాలమున ఆ సభలే తమ తప్పును ఒప్పుకొనవలసి వచ్చెను. ఆంగ్లికన్ సభవారు 1993లోను, ప్రెస్బిటీరియన్ సభవారు 1994లోను, కెనడా ఐక్యసభవారు 1998లోను క్షమాపణ చెప్పుకొనిరి. 2008వ సంవత్సరము జూన్ 11వ తేదీన ప్రధానమంత్రి పార్లమెంటు సభలో దేశము పక్షమున క్షమాపణ చెప్పెను. 2022 జూలైలో రోమా పోపు ఫ్రాన్సిసుగారు కెనడాకు వచ్చి అట్లే క్షమాపణ కోరెను. సత్యశోధనకును సమాధానమునకును ఏర్పడిన జాతీయ సంఘము 2015 డిసెంబరులో తన కడపటి నివేదిక ప్రకటించి, చేయవలసిన పనులు 94 అని లెక్కించి చెప్పెను.

ఆ కాలపు కథలలో ఒకటి దేశమంతటికిని తెలిసినది. చానీ వెన్‌జాక్ అను 12 ఏండ్ల బాలుడు కెనోరా పట్నముననున్న వసతిపాఠశాలలో నుంచబడెను. అతని తండ్రి యిల్లు అచటికి సుమారు 600 కిలోమీటర్ల దూరమునందున్న ఓగోకీ పోస్టు అను పల్లెలో నుండెను. 1966వ సంవత్సరము అక్టోబరు నెలలో ఆ బాలుడు పాఠశాల విడిచి, ఇల్లు చేరుదునని రైలుపట్టాల వెంట నడువసాగెను. ఒంటిమీద పలుచని చొక్కాయే యుండెను. చలికిని ఆకలికిని తాళజాలక పట్టాల ప్రక్కనే ప్రాణము విడిచెను. ఆ మరణమును విచారించిన జూరీవారు, ఆదివాసుల బిడ్డలకు ఇట్టి విద్యావిధానము న్యాయమైనదేనా యని పరిశోధింపవలెనని కోరిరి. ఆ ప్రశ్న వేయబడి అరువది సంవత్సరములు కావచ్చుచున్నది.

ఏడుగురు విద్యార్థులు

వసతిపాఠశాలలు పోయిన తరువాత పిల్లలను పట్నపు కుటుంబముల యిండ్లలో నుంచు పద్ధతి బలపడెను. ఇంటివారికి నెలకింత యని సొమ్ము ఇయ్యబడును. వారు విద్యార్థికి గదియు భోజనమును ఇత్తురు. కొన్ని యిండ్లలో ఆదరణ దొరకెను. కొన్నిట పిల్లవాడు తినెనో లేదో, రాత్రి ఇల్లు చేరెనో లేదో అడుగువారే లేకపోయిరి. ట్రాఫిక్కు దీపమునుగాని సిటీ బస్సునుగాని మునుపెన్నడు చూడని బిడ్డ లక్షకు మించిన జనముగల పట్నములో ఒంటరిగా విడువబడెను. వీధిలో నడచుచున్న వారిమీద మోటారుబండ్లలోనుండి వస్తువులు విసరుటయు, జాతిపేరు పెట్టి తిట్టుటయు అక్కడ అరుదు కాదని ఆ విద్యార్థులే సాక్ష్యమిచ్చిరి.

2000వ సంవత్సరమున థండర్ బే పట్నములో డెనిస్ ఫ్రాంక్లిన్ క్రోమర్టీ ఉన్నతపాఠశాల తెరువబడెను. ఉత్తరపు సమాజముల విద్యాసంఘమే దానిని నడుపుచున్నది. అందు పెద్దవారు కూర్చుండి పిల్లలతో తమ భాషలో మాటలాడుదురు. రాత్రివేళ పనివారు బండ్లలో తిరిగి, ఇల్లు చేరని విద్యార్థులను వెదకి తీసికొని వత్తురు. పాఠశాల ఇంత చేసినను, పాఠశాల తలుపు మూసిన తరువాతి గంటలు దాని చేతిలో లేకపోయెను. 2000 మొదలుకొని 2011 వరకు ఉత్తరపు పల్లెలనుండి థండర్ బేకు చదువుకొన వచ్చిన ఏడుగురు విద్యార్థులు మరణించిరి. వారిలో ఆరుగురు ఆ పాఠశాలవారే. ఐదుగురి దేహములు పట్నపు నదులలో దొరకెను.

2015 అక్టోబరులో మొదలైన మరణవిచారణ 2016 జూన్ నెలలో ముగిసెను. ముగ్గురి మరణములు ప్రమాదవశమున కలిగినవని జూరీవారు నిర్ణయించిరి. తక్కిన నలుగురి విషయమున ఎట్లు మరణించిరో నిర్ణయింప శక్యము కాలేదని చెప్పిరి. 145 సిఫారసులు చేసిరి. పిల్లలు తమ పల్లెలలోనే ఉన్నతవిద్య పొందగలుగునట్లు ధనసహాయము చేయవలెననియు, పట్నమునకు వచ్చువారికి క్షేమమైన వసతి కల్పింపవలెననియు వానిలో నున్నది. విచారణ ముగిసిన మరుసటి సంవత్సరముననే, 2017 మే నెలలో, ఉత్తరపు పిల్లలు మరి ఇద్దరు అదే పట్నమున నీటిలో మరణించి దొరకిరి. 2018 డిసెంబరులో రాష్ట్రపు పోలీసు పర్యవేక్షణాధికారి ప్రకటించిన నివేదిక, ఆదివాసుల మరణములను పరిశోధించుటలో పట్నపు పోలీసుశాఖయందు జాతివివక్ష వేరూరియున్నదని తేల్చి, తొమ్మిది మరణములను మరల పరిశోధింపుమని చెప్పెను. తాన్యా తలాగా అను గ్రంథకర్త్రి ఆ ఏడుగురి చరిత్రను 2017లో గ్రంథముగా ప్రకటింపగా దేశమంతయు దానిని చదివెను.

1966లో ఒక బాలుడు; 2016లో ఏడుగురు. నడుమ ఏబది యేండ్లు. మొదటివాడు బలవంతముగా కొనిపోబడిన కాలమువాడు. తరువాతివారు తల్లిదండ్రులు సమ్మతించి పంపినవారు. కాని పల్లెలో పాఠశాలయే లేనప్పుడు, పంపక మానినయెడల చదువే లేనప్పుడు, ఆ సమ్మతికి విలువ యెంత యని ఉత్తరదేశపు తల్లులు అడుగుచున్నారు.

ఇతర ప్రాంతములవారు చేసినది

ఈ చిక్కును ఎదుర్కొన్నది ఆంటేరియో ఒక్కటియే కాదు. అలాస్కా దేశములో 1970ల వరకు ఎస్కిమోల పల్లెలందలి పిల్లలు ఉన్నతపాఠశాలకొరకు వేల మైళ్లు పంపబడిరి. కొందరు ఆరెగన్ రాష్ట్రపు కెమావా పాఠశాలకును, కొందరు ఓక్లహోమా రాష్ట్రపు చిలోకో పాఠశాలకును పోవలసివచ్చెను. జూడిత్ క్లైన్‌ఫెల్డ్ అను విద్వాంసురాలు 1973లో ప్రకటించిన పరిశోధనవలన, ఇల్లు విడిచి చదువుకొన్న పల్లెపిల్లలలో అధికులు మనోవేదనకును చదువు చెడుటకును గురియైరని తేలెను. 1972లో మోలీ హూచ్ అను బాలిక మొదలగువారి పేర న్యాయస్థానమున వ్యాజ్యము వేయబడెను. నాలుగేండ్లకు, అనగా 1976లో, రాష్ట్రమువారు రాజీకి వచ్చి 126 పల్లెలకు ఉన్నతపాఠశాలలు ఇయ్య నొప్పుకొనిరి. పిల్లలు ఇంటనుండి చదువుకొనుట మొదలయ్యెను.

అయితే అంతటితో చిక్కు తీరలేదు. పదిమంది విద్యార్థులుగల పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులే అన్ని పాఠములు చెప్పవలసినయెడల, రసాయనశాస్త్రమునకును ఉన్నతగణితమునకును తగిన బోధ దొరకుట కష్టమయ్యెను. అందుచేత 1983లో మూయబడిన సిట్కా పట్నపు మౌంట్ ఎడ్జికంబ్ వసతిపాఠశాలను 1985లో రాష్ట్రపు పాఠశాలగా తిరిగి తెరచిరి. ఇప్పుడు అందు చేరువారు చేరుదుమని కోరి దరఖాస్తు పెట్టుకొనువారే. పల్లెలో పాఠశాల యున్నది. అది చాలదనుకొన్న విద్యార్థికి వసతిపాఠశాలయు నున్నది. పూర్వపు వసతిపాఠశాలకును నేటి దానికిని గల భేదమంతయు ఈ యొక్క మాటలోనే యున్నదని చెప్పవచ్చును.

కెనడాలోనే వాయవ్య ప్రాంతములయందు ఎల్లోనైఫ్ పట్నపు అకైచో హాలును, ఇనువిక్ పట్నపు గ్రోలియర్ హాలును 1950ల చివర కట్టబడిన గొప్ప వసతిగృహములు. 1990ల దశకమున ప్రభుత్వమువారు పల్లెబడులకు ఒక్కొక్క తరగతినే పెంచుచు వచ్చిరి. దానితో పట్నపు వసతిగృహములయొక్క అవసరము తగ్గి, అకైచో 1994లోను, గ్రోలియర్ 1997లోను మూయబడెను. పిల్లలమీద ఘోరమైన అత్యాచారములు చేసినందుకు గ్రోలియర్ హాలు పర్యవేక్షకులు కొందరు తరువాత న్యాయస్థానమున శిక్షింపబడిరి. కాని ఆ ప్రాంతముననే 1964లో ఫోర్ట్ స్మిత్ పట్నమున తెరువబడిన గ్రాండిన్ కళాశాల యను చిన్న వసతిగృహమునుగూర్చి అందు చదివినవారిలో అనేకులు కృతజ్ఞతతో మాటలాడుదురు. తరువాత ఆ ప్రాంతపు ముఖ్యమంత్రియైన స్టీఫెన్ కాక్‌ఫ్వీయు, 1988లో కెనడా పార్లమెంటునకు ఎన్నికయైన మొదటి ఆదివాసి స్త్రీ ఎథెల్ బ్లోండిన్-ఆండ్రూయు అచట చదివినవారే. ఒకే దేశము, ఒకే కాలము, ఒకే రీతి పిల్లలు. ఒక యింట భయము, ఒక యింట ధైర్యము. దీనివలన గోడలు కారణము కావనియు, ఆ గోడలలోపల పిల్లవానిని ఏ దృష్టితో చూతురనునదియే కారణమనియు తెలియుచున్నది.

పల్లె విడువకయే చదువుకొను మార్గములును కొన్ని యున్నవి. సూ లుకౌట్ కేంద్రముగా వాసా అను సంస్థ రేడియోమూలముగా పాఠములు చెప్పెను. 2000వ సంవత్సరపు ప్రాంతమున కీవేటినూక్ ఓకిమాకనాక్ అను సమాజముల కూటమి ఇంటర్నెట్టు ఉన్నతపాఠశాలను స్థాపించెను. పల్లెలో ఒక గదియు ఒక ఉపాధ్యాయుడును ఉందురు. తక్కిన ఉపాధ్యాయులు ఇతర పల్లెలనుండి పాఠము పంపుదురు. సాయంకాలము విద్యార్థి తన యింటనే భోజనము చేసి, తాతతో వేటకు పోవచ్చును. ప్రయోగశాలయు, ఆటస్థలమును, సమవయస్కుల గుంపును ఈ పద్ధతివలన లభింపవు. ఐనను శిశువును ఒడిలో పెట్టుకొన్న యువతికిని, ఇంట రోగియున్న బాలునికిని ఇది గొప్ప మేలు.

ఇక ముందు

ఇట్లుండగా వసతిగృహములు ఇక వలదని చెప్పవచ్చునా? ఉత్తరపు పెద్దలు అట్లు చెప్పుటలేదు. యూకాన్ ప్రాంతమున ఓల్డ్ క్రో అను పల్లె బాటలేనిది. అచటి బడి తొమ్మిదవ తరగతితో ముగియును. ఆ పిల్లలును, తక్కిన దూరపు పల్లెల పిల్లలును వైట్‌హార్స్ పట్నములోని గాడ్జూస్డా వసతిగృహమున నుండి చదువుకొనుచున్నారు. థండర్ బేలో తొమ్మిది సమాజముల కూటమియగు మటావావారు, నగరమువారు వృద్ధులకొరకు నడిపిన గ్రాండ్‌వ్యూ లాడ్జి అను పాతభవనమును పొంది, బడియు వసతియు ఒక్కచోటనే యుండునట్లు మార్చు పని చేపట్టిరి. సూ లుకౌట్ సమీపమున, 1926లో తెరువబడిన పెలికన్ సరస్సు వసతిపాఠశాల యున్న స్థలముననే నేడు పెలికన్ ఫాల్స్ ఉన్నతపాఠశాల యున్నది. తాతలు ఏడ్చిన నేలమీదనే మనుమలు చదువుచున్నారు. కాని ఇప్పుడు దానిని నడుపువారు ఆ తాతల జాతివారే. పిల్లలు పెద్ద శాలలలో గాక చిన్న యిండ్లలో నివసించుచున్నారు.

కాబట్టి వసతిగృహముల భవిష్యత్తు కట్టడముల లెక్కతో తేలునది కాదు. మూడు సంగతులవలన అది తేలును. మొదటిది, అధికారము. గృహమునకు పెద్దను నియమించువారును, తప్పు చేసినవానిని తొలగించువారును పిల్లల తల్లిదండ్రులకు జవాబు చెప్పవలసినవారై యుండవలెను. దూరపు రాజధానిలోని కచ్చేరికి మాత్రమే జవాబు చెప్పువాడు ఎంత మంచివాడైనను, ఒక తల్లి వేసిన ప్రశ్న వానివరకు చేరదు.

రెండవది, సాయంకాలము. పాఠశాల మూయబడిన మూడుగంటలు మొదలుకొని పిల్లవాడు నిద్రపోవువరకు గల వేళయే అపాయకరమైనది. ఆ వేళ తోడుండువారు, పాఠము చదివించువారు, ఆటలాడించువారు, దుప్పిమాంసము వండి పెట్టువారు, సొంతభాషలో పలుకరించువారు కావలయును. రాని పిల్లవానికొరకు దీపము పెట్టుకొని మేలుకొనువారును కావలయును. ఇవన్నియు ఇంటిలో తల్లి జీతము లేక చేయు పనులే. పరాయిపట్నములో వానికి జీతమియ్యవలసి యున్నది. గోడలకు సొమ్మిచ్చి, ఈ పనులకు ఇయ్యకపోయినయెడల ఆ గృహము సత్రమగునేగాని యిల్లు కానేరదు.

మూడవది, బాట. పిల్లవాడు ఎప్పుడైనను ఇంటికి పోవచ్చునని యెరిగియుండవలెను. బెంగపెట్టుకొన్న బిడ్డకు నవంబరులో ఒకమారు విమానపు టిక్కెట్టు ఇచ్చుట వ్యర్థవ్యయముగా కొందరికి తోచును. కాని 1966లో ఒక బాలుడు ఆ బాట లేకనే రైలుపట్టాలు పట్టి నడచెను. తల్లిదండ్రులు వచ్చి రెండు దినములు ఉండుటకు గృహములో ఒక గదియైనను ఉంచినయెడల, సగము బెంగ అచటనే తీరును.

వ్యయము ఎక్కువగునని దొరతనమువారు చెప్పుదురు. పల్లెలో పాఠశాల కట్టుటయు, ఉపాధ్యాయునికి ఇల్లు కట్టుటయు, సామానంతయు మంచుబాటమీద చేర్చుటయు ఖర్చుతో కూడిన పనియే. కాని ఒప్పందముమీద చేవ్రాలు చేసినప్పుడు ఆ దేశమునందు బాటలు లేవని దొరతనమువారు ఎరుగకపోలేదు. వారు నేల నడుగుటకు అచటికి పడవలలో పోయిరి. నేల తీసికొనుటకు దూరము అడ్డము కానప్పుడు, చదువు చెప్పించుటకు దూరము అడ్డమనుట న్యాయము కాదు.

తోటలలోను, పల్లెలలోను, ఎచటనైనను పిల్లల వసతిగృహము నడుపువారు ఈ ఉత్తరదేశపు చరిత్రనుండి నేర్చుకొనవలసినది యున్నది. ఉపకారబుద్ధి ఒక్కటియే బిడ్డను కాపాడదు. ఆ ఉపకారబుద్ధిచేతనే పూర్వపు గృహములును కట్టబడెను. బిడ్డ మాట వినువాడెవ్వడు, తల్లికి జవాబు చెప్పువాడెవ్వడు, రాత్రి లెక్క చూచువాడెవ్వడు అని అడుగుచుండవలెను. గృహము ఎంత మంచిదని పేరు పొందినను ఆ ప్రశ్నలను మానరాదు.

రాబోవు ఆగస్టులోను ఆ చిన్న విమానములు దిగును. ఆ పిల్లలలో కొందరు వైద్యులగుదురు, కొందరు ఉపాధ్యాయులై తమ పల్లెబడికే తిరిగివత్తురు. అట్లు తిరిగివచ్చువారు పెరిగినకొలదియు పల్లెబడికి మరియొక తరగతి చేర్చుట సాధ్యమగును. పట్నపు వసతిగృహము తన పని చక్కగా చేసినయెడల, కొంతకాలమునకు దాని అవసరమే తగ్గవలెను. ఇష్టపడి వచ్చువారికి మాత్రము అది తెరిచియుండవలెను. అంతవరకు, విమానమెక్కిన బిడ్డ వెళ్లినట్లే తిరిగివచ్చునని ఆ తల్లికి మాటయిచ్చి నిలుపుకొనుటయే దొరతనమువారి విధి, పట్నమువారి విధి, ఆ గృహముల తాళపుచెవులు పట్టుకొన్న ప్రతివాని విధి.